చుట్టాలు లేచి వెళ్ళాలి

పెట్టె మళ్ళీ వరండాలోకి వచ్చేసింది.

అత్తగారు దాన్ని కాలితో బయటికి గెంటి, తలుపు దగ్గరగా వేసి, చేతులు దులుపుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు. కాసేపటికి చిన్నత్తగారు పెరట్లోంచి వచ్చి, పెట్టెను చూసి, పల్లెత్తు మాట అనకుండా దాన్ని మళ్ళీ లోపలికి ఈడ్చుకుపోయారు. పొద్దున్నించీ ఇదే వరస. వాళ్ళిద్దరి పంతాలకీ నేను మొన్ననే పాలిష్ పెట్టుకున్న చెక్కనేల గీతలు పడిపోతోంది. ఆ సంగతి ఎవరికీ పట్టదు.

పెట్టె రోవెనా చిన్నత్తగారిది. మా అత్తగారు ఎనిడ్‌కి తోడబుట్టిన చెల్లెలు ఆవిడ. ముప్పై ఏళ్ళ కిందట సిడ్నీ మనిషిని చేసుకుని ఈ దీవి విడిచి వెళ్ళి, ఆయన పోయాక పోయిన నెల ఒంటరిగా తిరిగొచ్చారు. ఇక్కడ పుట్టినా ఇప్పుడు ఇక్కడి మనిషి కాదు. అన్నేళ్ళు బయట ఉంటే దీవి మీద హక్కు పోతుంది. మళ్ళీ ఉండాలంటే ముక్కూ మొహం తెలియని కొత్తవాళ్ళలాగే కమిటీ ముందు నిలబడి అడగాలి. చుట్టపుచూపుగా ఇచ్చిన అనుమతి గురువారం విమానంతో సరి. ఇవాళ మంగళవారం. మధ్యాహ్నం కమిటీ కూర్చుంటుంది.

ఆ కమిటీలో మా అత్తగారు ఒకరు. అదీ మా ఇంట్లో గోల.

"లెటీ!" వంటింట్లోంచి కేక. "ఆవిడతో చెప్పు, గురువారం విమానం పొద్దున్నేనని. పెట్టె గుమ్మం దగ్గరుంటే బైరన్‌కి కార్లో పడేయడం తేలికని."

"చిన్నత్తయ్యా, విన్నారుగా?" అన్నాను. బైరన్ మా ఆయన.

"నాకేం వినపడలేదు," అన్నారు ఆవిడ, మూడడుగుల దూరంలో నిలబడి. "గోడలు మాట్లాడితే నాకు వినపడదు. మనుషులెవరైనా మాట్లాడితే చెప్పు."

"ఆవిడతో చెప్పు, గోడకి చెవులుంటాయి గానీ నోరుండదని."

"అత్తయ్యా, నేనేమన్నా టెలిఫోను తీగనా?"

"తీగైతే నయం. మధ్యలో ఇలా ఎదురు ప్రశ్నలు వేయదు."

నెల రోజులుగా ఇదే నా బతుకు. అక్క చెల్లెలితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా నా మీదుగానే, దుప్పటి చాలిందా అన్నా నా మీదుగానే.

"సరే, మీ అత్తగారిని ఒక్క మాట అడుగు," అన్నారు చిన్నత్తగారు గొంతు పెంచి. "నేను రావడం అంత ఇష్టం లేకపోతే, ఆ రోజు విమానం దగ్గరికి బైరన్‌ని ఎందుకు పంపినట్టో?"

"చెప్పు, బైరన్ వేరే పని మీద వెళ్ళాడని."

"ఏం పనో?"

"దారికి అడ్డంగా ఆవులు పడుకుంటే అదిలించడానికి!"

చిన్నత్తగారు నవ్వు ఆపుకోలేక మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఎక్కువైంది.

అసలు అత్తగారి మనసులో ఏముంది? నాకు ఒకటే కుతూహలం. ఆ మాటకొస్తే దీవి మొత్తానికి అదే కుతూహలం. నర్సు ఐరిస్ టెలిఫోను చేసింది, "మీ అత్త ఔనంటుందా, కాదంటుందా?" అని. కొట్టు మర్వల్ కిరోసిన్ అప్పగించే వంకతో వచ్చి అదే అడిగాడు. వాళ్ళిద్దరూ కమిటీలోవాళ్ళే. మా ఆయన్ని అడిగితే రేవుకు పరిగెత్తే తొందరలో ఉన్నాడు. ఇవాళ సరుకుల ఓడ వచ్చింది. మా దీవికి హార్బరు లేదు. ఓడ దూరంగా నిలబడితే మగాళ్ళంతా పడవలేసుకుని వెళ్ళి సరుకు దించుకోవాలి.

"మా అమ్మ మనసులో ఏముందో కనుక్కోవడం కంటే అలల మీద ట్రాక్టరు దించడం తేలికే," అని పోయాడు బైరన్.

వంటింట్లోకి వెళ్ళి చూస్తే అత్తగారు పచ్చి అరటికాయలు తురుముతున్నారు. పిల్హీ చేయడానికి, అంటే అరటికాయ తురుముతో కాల్చే మా దీవి రొట్టె. మా ఇంట్లో పిల్హీ ఎవరం తినం. బైరన్‌కి పడదు, నాకు నచ్చదు. చిన్నత్తగారు వచ్చిన దగ్గర్నుంచీ వారానికి రెండుసార్లు పొయ్యి ఎక్కుతోంది.

"పిల్హీ ఎవరికత్తయ్యా?"

"ఎవరికేంటి? అరటికాయలు పాడైపోతున్నాయి."

"పచ్చి కాయలు ఎలా పాడవుతాయి?"

"నోరు మూసుకుని ఆ పళ్ళెం ఇటివ్వు."

ఇచ్చాను. అంతలో గుమ్మంలో అలికిడైంది. చిన్నత్తగారు వచ్చి తలుపుకి ఆనుకుని నిలబడ్డారు. అరటికాయల వైపు చూస్తున్నారు. అత్తగారు తల ఎత్తలేదు. తురుముతూనే ఉన్నారు.

"ఆవిడతో చెప్పు లెటీ," అన్నారు చివరికి, ఈసారి చాలా తగ్గిన గొంతుతో. "అమ్మ పోయేముందు రెండు రోజులు మంచం గుమ్మం వైపు తిప్పించుకుందని. గేటు చప్పుడైనప్పుడల్లా ఎవరూ అని అడిగిందని."

నేను ఆ మాట చేరవేయలేదు. చేరవేయాల్సిన పని లేకపోయింది. చిన్నత్తగారు వెళ్ళి టోపీ పెట్టుకుని కార్లో వెనక సీట్లో కూర్చున్నారు. పెట్టె వరండాలోనూ లేదు, లోపలా లేదు. సరిగ్గా గుమ్మం మధ్యలో ఉండిపోయింది. దాని మీదుగా దాటుకుని మేం కమిటీకి బయల్దేరాం.

కారు నడిపేది నేను, నా పక్కన ఒకరు, వెనక ఒకరు. ఎదురుగా ఏ బండి వచ్చినా చెయ్యెత్తడం మా దీవి మర్యాద. చావుకి వెళ్తున్నా ఎత్తాలి. ఇద్దరూ చెరో కిటికీలోంచి ఒకేసారి చేతులెత్తారు. పైన్ చెట్ల మలుపు తిరిగే దాకా ఎదురైన వాళ్ళంతా బండి వేగం తగ్గించి మరీ మా మొహాలు చూశారు.

కమిటీ కూర్చునేది సముద్రం ఒడ్డున పాత రాతి కట్టడంలో. బల్లకి అటువైపు ఐదు కుర్చీలు. మధ్యలో అధ్యక్షుడు గస్ మావయ్య. అందరం గుమ్మడికాయ గస్ అంటాం, ఎదురుగానే. ఒక పక్క ఐరిస్, మర్వల్. ఇంకో పక్క బడి పెద్ద వెల్టన్, మా అత్తగారు. బల్ల చివర సెక్రటరీ టిండాల్. ఆయన సిడ్నీ నుంచి వచ్చిన ఉద్యోగి. నిబంధనలు ఆయన నోట్లో ఉంటాయి. మనుషులెవరో ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

చిన్నత్తగారు ఎదురుగా ఒంటి కుర్చీలో కూర్చున్నారు. నేను వెనక బెంచీ మీద.

"మొదలుపెట్టే ముందు," అన్నాడు టిండాల్, "నిబంధన ప్రకారం, దరఖాస్తుదారుకి చుట్టరికం ఉన్న సభ్యులు లేచి బయటికి వెళ్ళాలి."

ఈ నిబంధన ఎవరిదో చెప్పాలి. మా అత్తగారిదే. మా పరిపాలన మా చేతికొచ్చిన కొత్తలో, అప్పటి అధ్యక్షుడు తన అల్లుడికి తనే ఓటేసుకుని శాశ్వత నివాసం ఇప్పించేశాడు. అత్తగారు సభలో లేచి, "చుట్టాలకి చుట్టాలే తీర్పు చెప్పుకోవడానికా మనం సొంత పాలన అడిగింది?" అని దులిపేశారు. అందరం చప్పట్లు కొట్టాం. నిబంధన పెట్టేశాం. అప్పట్నించీ కమిటీ ముందుకు వచ్చినవాళ్ళంతా బయటివాళ్ళే. రొట్టెల కొట్టు పెట్టినాయన, మెకానిక్కు, పళ్ళ డాక్టరు. ఎవరూ లేవాల్సిన అవసరం పడలేదు. నాలుగు పడవల్లో వచ్చిన నాలుగు కుటుంబాల సంతతి మేమంతా. దీవిలో పుట్టిన మనిషే ఒకరోజు వచ్చి అడిగితే ఏమవుతుందన్న ఆలోచన మాత్రం ఒక్కరికీ రాలేదు.

ముందు ఐరిస్ లేచింది. "మా అమ్మమ్మా, వాళ్ళ అమ్మమ్మా అక్కచెల్లెళ్ళు. నేను వెళ్ళొద్దూ మరి?"

"వెళ్ళాలి," అన్నాడు టిండాల్.

"నాకు మేనత్త మనవరాలు," అని మర్వల్ లేచాడు.

"మా నాన్న మొదటి పెళ్ళి వైపు నుంచి ఒకటీ, రెండో పెళ్ళి వైపు నుంచి ఒకటీ, రెండు వరసలున్నాయి," అన్నాడు వెల్టన్. "ఒకదాంట్లో చెల్లెలవుతుంది, ఇంకోదాంట్లో పిన్ని."

"ఏదైనా వెళ్ళాల్సిందే."

గస్ మావయ్య టిండాల్ వైపు బిక్కమొహం వేసుకుని చూశాడు. "నేనూ వెళ్తే ఎలాగయ్యా? అధ్యక్షుణ్ణి కదా?"

"మీకేం చుట్టరికం?"

"ఏం లేదని చెబితే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది," అని నిట్టూర్చి, ఆయనా లేచాడు.

టిండాల్‌కి చెమట పట్టింది. కమిటీలో కనీసం ఒక్కరైనా మిగలాలి. ఎవరూ మిగలకపోతే వ్యవహారం కొండ మీది బంగళాకి పోతుంది, దొరగారి దగ్గరికి. పెద్ద ప్రభుత్వం పంపే ఆ దొరలు వస్తుంటారు, పోతుంటారు. ఇప్పుడున్నాయన తన దాకా వచ్చినవాటిల్లో ఒక్కదానికైనా సరే అన్న పాపాన పోలేదు.

బయటికి వెళ్ళినవాళ్ళు ఎక్కడికీ పోలేదు. వరండాలో కిటికీలకు తలలు ఆనించి నిలబడ్డారు. గదిలోంచి వెళ్ళమన్నారు గానీ వినొద్దనలేదు కదా.

బల్ల దగ్గర అత్తగారు ఒక్కరే ఉన్నారు. కదల్లేదు.

"అమ్మా," అన్నాడు టిండాల్ మెల్లగా. "మీరు కూడా..."

"నేనెందుకు?"

"ఈవిడ మీకు..."

"ఆవిడ నాకేమీ కాదు."

 కిటికీల దగ్గర తలలు ఇంకాస్త లోపలికి వచ్చాయి. చిన్నత్తగారి చేతిలో టోపీ కింద పడింది. తీసుకోలేదు.

"దీవంతా అక్కచెల్లెళ్ళంటోంది," అన్నాడు టిండాల్.

"దీవి ఏమైనా అంటుంది. చుట్టరికం ఉందో లేదో చెప్పాల్సింది సభ్యురాలే కదా? బైబిలు ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. అత్తగారు చెయ్యి పెట్టారు. ఆదివారం ఒక్కటి కూడా తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. ప్రమాణం చేసి, చెయ్యి అక్కడే ఉంచి, ముందుకు వంగి మొదటి ప్రశ్న వేశారు.

"మీ పేరు?"

అక్క చెల్లెలితో ముప్పై ఏళ్ళలో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. అదీ 'మీ' అని.

"రోవెనా మే," అన్నారు చిన్నత్తగారు. "పుట్టింటి పేరు కూడా చెప్పమంటారా?"

"అక్కర్లేదు," అన్నారు అత్తగారు గబుక్కున. "ఎక్కడ పుట్టారు?"

"ఇక్కడే. మిల్లు దారి మలుపులో ఇంట్లో, వెనక గదిలో. మంత్రసానిని పిలుచుకు రమ్మని మా అక్కని పంపితే, దారిలో గుర్రప్పిల్లని చూస్తూ నిలబడిపోయిందట. మంత్రసాని వచ్చేసరికి నేను పుట్టేశాను."

కిటికీలో గస్ మావయ్య కిసుక్కున నవ్వాడు.

"అడిగినదానికే జవాబు చెప్పండి. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదు?"

"అమ్మా, ఆ ప్రశ్న మన ప్రశ్నల్లో లేదు," అన్నాడు టిండాల్.

"నేనిప్పుడే చేర్చాను. చెప్పండి."

"మొదట్లో ఆయన పంపలేదు. తర్వాత పంపుతానన్నాడు గానీ నాకే సిగ్గేసింది. వచ్చే ఏడు వెళ్దాం, వచ్చే ఏడు వెళ్దాం అనుకుంటూ సిగ్గుపడుతూనే ముసలిదాన్నైపోయాను."

"మీ అమ్మగారు పోయినప్పుడు?"

"కబురు తెలిసేసరికి పాతిపెట్టేశారు. ఇక్కడ మర్నాడే కదా. విమానం లేదు." చిన్నత్తగారు ముందుకు జరిగి కూర్చున్నారు. "వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని, ఇక్కడ సమాధి దగ్గర పాడే పాటలన్నీ గట్టిగా పాడాను. పక్కింటివాళ్ళు గోడ బాదారు. అయినా ఆపలేదు."

"అన్నీ పాడారా?"

"గుర్తున్నవన్నీ."

అత్తగారు నీళ్ళ గ్లాసు అందుకుని, తాగకుండానే మళ్ళీ పెట్టేశారు. నాకు ఏడుపొచ్చేస్తోంది. టిండాల్ కలం మూత పెట్టాడు, తీశాడు.

"ఏం పని వచ్చు?"

"టోపీలు అల్లుతాను. పిల్హీ చేస్తాను."

"పిల్హీ దీవిలో అందరూ చేస్తారు."

"మా అమ్మ చేసినట్టు ఎవరూ చేయరు. నెల రోజులుగా నేను తింటున్నది కూడా అలా లేదు. కొంచెం గట్టిగా ఉంటోంది."

"అబ్బో!" అంది ఐరిస్ కిటికీలోంచి. మర్వల్ ఆవిణ్ణి మోచేత్తో పొడిచాడు. అత్తగారి చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ నవ్వు బిగబట్టుకున్నారో, కోపం బిగబట్టుకున్నారో నాకు తెలియలేదు. పదేళ్ళు కాపరం చేసిన కోడలికి తెలియాలి మరి.

"చివరి ప్రశ్న. ఎక్కడ ఉంటారు?"

అసలు చిక్కంతా ఇక్కడే. ఉండడానికి ఒక ఇల్లు చూపించాలి. ఆ ఇంటివాళ్ళు కమిటీ ఎదుట ఒప్పుకోవాలి.

"మా అక్క ఇంట్లో ఉందామనుకుని వచ్చాను," అన్నారు చిన్నత్తగారు. "కానీ నాకిక్కడ అక్క లేదని ఇప్పుడే బైబిలు మీద చెప్పేశారు కదా."

"ఇప్పుడు దిగింది ఏ ఇంట్లో?"

"ఎనిడ్ గారి ఇంట్లో."

"ఆ ఇంటావిణ్ణి అడిగారా?"

"ఎలా అడగను? నాతో మాట్లాడరు."

"అడక్కుండా ఎవరు ఒప్పుకుంటారండీ? అడగండి."

అప్పుడు వెలిగింది నా బుర్రలో. నేనెంత మొద్దుని! అత్తగారు అబద్ధపు ప్రమాణం చేసింది చెల్లెల్ని గెంటెయ్యడానికి కాదు. వ్యవహారం దొర చేతిలో పడకుండా ఉండడానికి. కుర్చీలో కూర్చుని ఓటు తనే వెయ్యాలి, ఇల్లు తనే ఇవ్వాలి. అంతా లెక్క వేసుకునే వచ్చారు. ఇప్పుడు చిన్నత్తగారు "ఎనిడ్ గారూ, మీ ఇంట్లో ఉండనిస్తారా" అని ముక్తసరిగా అడిగితే చాలు. "సరే" అని ఒక్క ముక్క అనేస్తే అయిపోయింది. కిటికీలోంచి గస్ మావయ్య కూడా, "అడుగు, అడుగు" అని సైగలు చేస్తున్నాడు.

చిన్నత్తగారు లేచి నిలబడ్డారు. బల్ల దాకా వచ్చారు. బైబిలు మీదున్న చేతి వైపు చూశారు.

"అక్కా," అన్నారు. "ఉండనా?"

టిండాల్ కలం ఆగిపోయింది.

అత్తగారి పెదవులు కదిలాయి. సరే అనండి అత్తయ్యా, అని నాలో నేను కేకలు పెడుతున్నాను. ఏమీ విననట్టు సరే అనెయ్యండి. ఆవిడ చెల్లెలి మొహంలోకి చూస్తూనే మెల్లగా చెయ్యి తీసేశారు. పుస్తకం వేడెక్కినట్టు తీసేశారు. కుర్చీ వెనక్కి జరిగింది.

"అది నా చెల్లెలు," అన్నారు టిండాల్‌తో. "అబద్ధం చెప్పాను. రాసుకోండి."

బల్ల చుట్టూ తిరిగి, చెల్లెల్ని దాటుకుని, కింద పడ్డ టోపీ తీసి కుర్చీలో పెట్టి, తలుపు తెరుచుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఐదు కుర్చీలూ ఖాళీ.

"ఎంత పని చేశావే ఎనిడ్!" గస్ మావయ్య నెత్తి బాదుకున్నాడు. "ఒక్క మాట! ఆ ఒక్క మాటా అనేసి లేవకూడదూ?"

"అక్కా అని పిలిచిందిరా."

"పిలిస్తే?"

"పిలిస్తే ఏంటి? ఇంకా అక్కడ కూర్చుని నాకేమీ కాదని ఎలా అననురా?"

టిండాల్ బయటికి వచ్చి, మా మొహాలు చూసి, కారు స్టార్టు చేసి కొండ వైపు తిప్పాడు. దొరగారి బంగళాకి.

అప్పుడు వచ్చారు చిన్నత్తగారు. ఏడుస్తారనుకున్నాను. ఏడవలేదు. కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి.

"నేనడిగింది ఉండనా అని," అన్నారు నేరుగా అత్తగారితో. "సరే అనలేదు. వద్దనలేదు. లేచొచ్చేశావు. ఇప్పుడు నన్నేమనుకోమంటావు? చుట్టంగానైనా విమానం ఎక్కించవు, పరాయిదానిగానైనా ఉంచవు!"

"రోవెనా..."

"గురువారం ఆ పెట్టె ఎవరు మోస్తారో అది చెప్పు ముందు!"

అంతలో రేవు నుంచి బైరన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. బట్టల్లోంచి సముద్రం నీళ్ళు కారుతున్నాయి. అమ్మ మొహం, పిన్ని మొహం, కిటికీల పక్కన బుర్ర వంచుకున్న కమిటీ సభ్యులు, అందర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏమైందమ్మా? ఏం తేల్చారు?"

అత్తగారు కొండ మీదికి ఎక్కుతున్న కారునే చూస్తున్నారు.

"ఇది నాకు చెల్లెలని తేల్చాను," అన్నారు. "ఇక్కడ ఉండాలో పోవాలో దొర తేలుస్తాడు."